ఇది బాగుందా, అది బాగుందా?

నా ఉద్యోగమంతా చీకటి గదిలోనే గడిచింది. కంగారుపడకండి. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కంటి ఆసుపత్రిలో సైటు పరీక్షలు చేసేదాన్ని. ముప్పై ఏళ్ళ పైమాటే. గోడమీద అక్షరాల చార్టు, దానికి ఎదురుగా కుర్చీ, పక్కన చెక్కపెట్టె నిండా గుండ్రటి లెన్సులు. కుర్చీలో కూర్చున్న మనిషి ముక్కుమీద బరువైన ఖాళీ ఫ్రేము పెట్టి, అందులో లెన్సులు మారుస్తూ "ఇది బాగుందా, అది బాగుందా?" అని అడగడం నా పని. పేషెంట్లు డాక్టరమ్మా అని పిలిచేవాళ్ళు. మొదట్లో కాదని సరిదిద్దేదాన్ని. తర్వాత ఓపికా పోయింది, ఆ పిలుపు మీద కాస్త ఇష్టమూ పెరిగింది.

ఇప్పుడు రిటైరై ఎల్బీనగర్‌లో ఇంట్లో ఉంటున్నాను. కొత్తగా ఈ పనిలో చేరిన పిల్లలు అప్పుడప్పుడు వచ్చి, "మేడం, మీ సర్వీసులో మరిచిపోలేని కేసు చెప్పండి" అంటారు. వాళ్ళు ఏ అరుదైన జబ్బు సంగతో చెబుతానని నోటు పుస్తకాలు తెరుస్తారు. నేను చెప్పేది మాత్రం కళ్ళు నిక్షేపంలా ఉన్న ఒక పిల్ల సంగతి. ఇది గెలిచిన కథ, ముందే చెబుతున్నాను. అయితే మొదలుపెట్టింది మాత్రం నా వెధవపనితోనే.

నాకు పని నేర్పిన పెద్దాయన ఒక్కటే పట్టుబట్టి నేర్పాడు. అడిగిన తర్వాత నోరుమూసుకోవాలి. పేషెంటు చదువుతుంటే "కరెక్ట్" అనకూడదు, "తప్పు" అనకూడదు. అన్నామా, ఇక అతను తనకు కనిపించింది చెప్పడు, మనకు నచ్చేది చెబుతాడు. పిల్లలైతే మరీను. బయట హాల్లో కూర్చున్నప్పుడే తలుపు సందులోంచి చార్టంతా బట్టీపట్టేసి వస్తారు, మనల్ని మెప్పించడానికి. "రెండూ ఒకటే" అని చెప్పినా అది జవాబే, రాసుకోవాలి. ఇదంతా నాకు కంఠతా వచ్చు. కొత్తవాళ్ళకు బల్లగుద్ది మరీ చెప్పేదాన్ని. నేను తప్పినరోజు బల్లగుద్దడానికి ఎవరూ లేకపోయారు.

ఆ పిల్ల తొమ్మిదో తరగతి. వాళ్ళమ్మ తీసుకొచ్చింది. పోచంపల్లి దగ్గర నేతపని చేసుకునే కుటుంబం. నగరానికి వచ్చి స్థిరపడి పదేళ్ళు దాటింది. తండ్రి దిల్‌సుఖ్‌నగర్‌లోనే ఒక బట్టల దుకాణంలో సేల్స్‌మన్. ఉండేది అల్మాస్‌గూడ వైపు. పిల్లకు బడిలో బోర్డు కనిపించడం లేదట.

"మూడు అద్దాలు మార్చినం మేడం," అంది తల్లి. "ఒక్కటి గూడ పనిజేస్తలేదు. ఫస్ట్ బెంచీల కూసోపెట్టమని టీచర్ను బతిమిలాడినం. అయినా కనిపిస్తలేదంటది. ఫోన్ గుంజుకున్నం, దినాం క్యారెట్ రసం తాపుతున్న. ఇగ ఏం జెయ్యాల్నో సమజైతలేదు."

పిల్ల చున్నీ కొసను వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ కూర్చుంది. చార్టు మీద పైనున్న పెద్ద అక్షరం తప్ప ఏదీ కనబడటం లేదంది. కంటిని యంత్రంలో చూశాను. ఏ దోషమూ లేదు. మూడు కళ్ళజోళ్ళ పవర్లూ మూడు రకాలు. అదీ అనుమానమే.

ఇలాంటివాళ్ళ కోసం మా దగ్గర ఒక చిట్కా ఉంటుంది. ప్లస్ లెన్సు ఒకటి పెడతాం. దానిమీద అంతే బలమున్న మైనస్ లెన్సు ఒకటి పెడతాం. ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, మామూలు అద్దమే మిగులుతుంది. కానీ కూర్చున్నవాళ్ళకు ఏదో పెద్ద పవర్ పెట్టినట్టుంటుంది. ఆ పిల్లకు అలాగే పెట్టి, "ఇదిగో, ఇప్పుడు స్పెషల్ లెన్సు పెట్టిన, సదువు బిడ్డా," అన్నాను. పిల్ల ఒక్కో వరుసా దిగుతూ వచ్చింది. ఆఖరి వరుసలో చీమ కాళ్ళలాంటి అక్షరాలు కూడా గబగబా చదివేసింది.

అక్కడితో ఆగితే నేను మంచి పనిమంతురాలిని. ఆగలేదు. చటుక్కున లైటు వేసి, ఆ రెండు లెన్సులూ తీసి తల్లి చేతిలో పెట్టి, "చూడుండ్రి, ఇందుల ఏ పవరూ లేదు. మీ బిడ్డ కండ్లు మంచిగున్నయ్. నాటకం ఆడుతున్నది. మూడు అద్దాల పైసలు దండుగ," అన్నాను. కేసు కాగితం మీద "లోపం లేదు. నటిస్తోంది" అని రాసి, కింద గీత కూడా గీశాను. ఎంత తెలివైనదాన్నో అని నా మీద నాకే ముచ్చటేసింది.

తల్లి హాల్లోకి వెళ్ళాక, పదిమంది ఎదుట, పిల్ల చెంప ఛెళ్ళుమనిపించింది. "ఇజ్జత్ తీసినవ్ గదనే!" అని ఒకే ఒక్క మాట. పిల్ల ఏడవలేదు. చెంప మీద చెయ్యి కూడా పెట్టుకోలేదు. తలవంచుకుని తల్లి వెనకాలే మెట్లు దిగి వెళ్ళిపోయింది. ఆ దెబ్బ నేను కొట్టించినట్టే.

మా రిసెప్షన్లో ఒకావిడ ఉండేది. గుడివాడ వైపు నుంచి వచ్చిన మనిషి. నాకంటే పదేళ్ళు చిన్నది. నోరు మాత్రం నాకంటే పదేళ్ళు పెద్దది. మధ్యాహ్నం డబ్బా విప్పుకుని కూర్చున్నప్పుడు, "గెలిచారు లెండి," అంది.

"ఏంది, గట్లంటున్నవ్?"

"మరేంటండీ! పద్నాలుగేళ్ళ పిల్ల మీద గెలిచారు. ఆ పిల్ల గంటసేపు నా ఎదురుగా కూర్చుంది. చేతులు ఒకటే వణుకు. నీళ్ళిస్తే గ్లాసు పట్టుకోలేక రెండు చేతులూ పెట్టింది. నాటకం ఆడేవాళ్ళు చూసేవాళ్ళున్నప్పుడు ఆడతారండీ. నేను ఫైళ్ళు సర్దుకుంటూ చూశాను గానీ, నేను చూస్తున్నట్టు దానికి తెలియదు."

డబ్బా మూసేశాను. కానీ ఒప్పుకోవడానికి మనసు రాలేదు. కాగితం తీసుకుని డాక్టరుగారి దగ్గరికి వెళ్ళాను, నాదే సరైనదని ఆయనతో చెప్పించుకుందామని. ఆయన నెమ్మదైన మనిషి. తిడితే బాగుండునని అనిపించేంత నెమ్మది. కాగితం చదివి, నేను గీసిన గీత మీద వేలు పెట్టారు.

"కన్ను బాగుందని రాశావమ్మా, సరే. దానికి కనిపిస్తోందని నీకెలా తెలుసు?"

"చదివింది గద సార్, ఆఖరు లైను దాక."

"ఇక్కడ చదివింది. క్లాసులో?"

ఆయనే విడమరిచి చెప్పారు. భయమో, దిగులో మనసులో గూడుకట్టుకున్న పిల్లలు నేరుగా ఆ మాట చెప్పరు, ఆ మాట చెప్పడం వాళ్ళకు రాదు. కన్ను కనబడటం లేదంటారు, కడుపు నొప్పంటారు, తల తిరుగుతోందంటారు. ఇంట్లో ఆ మాటలకైతే వింటారని తెలుసు కాబట్టి. అది అబద్ధం కాదు, వాళ్ళకు నిజంగానే అలా అవుతుంది. "ఆ పిల్ల మనకు తనకు తెలిసిన భాషలో చెప్పింది. మనం నటన అని గీత గీశాం. ఇక ఎవరికీ చెప్పదు. నాకు అది భయంగా ఉంది," అన్నారు. ఎప్పుడూ ఏదీ భయమనని మనిషి ఆ మాట అనేసరికి నేను కాగితం మీది ఫోన్ నంబరు వెతికాను.

మళ్ళీ తీసుకురమ్మని ఫోన్ చేస్తే తల్లి తియ్యలేదు. ఎందుకు తీస్తుంది? రెండు రోజులు చూసి, తండ్రి పనిచేసే దుకాణానికి నేనే వెళ్ళాను. పెద్ద దూరమేమీ కాదు, ఆసుపత్రికి నాలుగు సందుల అవతల. తెల్లటి పరుపుల మీద చీరలు పరిచి చూపిస్తున్నాడు. వయసు నలభై రెండో, మూడో ఉంటుంది. పోచంపల్లి ఇకత్ చీరను రెండు వేళ్ళతో ఎత్తి గాల్లో విదిలిస్తే, ఆ నేత తెలిసిన మనిషని ఇట్టే అర్థమవుతుంది. నేనెవరో చెప్పగానే ముఖం మాడిపోయింది.

"మీ తప్పేం లేదు మేడం. మా పిల్లే గట్ల జేసింది. గా అద్దాల ముచ్చట మా ఇంట్ల ఇగ బందు."

"తప్పు నాదే అన్నా," అన్నాను. ఆ మాట నా నోటివెంట రావడానికి ముప్పై ఏళ్ళు పట్టిందని ఆయనకేం తెలుసు. "మీ బిడ్డ నాటకం ఆడలే. నేనే సమజు జేసుకోలే. ఆమెకేదో పరేషాన్ ఉన్నది. ఒక్కసారి తీసుకరాండ్రి."

"ఏం పరేషాన్ మేడం? తిండికి తక్కువనా, బట్టకు తక్కువనా? ఇగ మీ దగ్గరికంటే అది రాదు. నరికినా రాదు."

అంతలో ఒక కస్టమరు చీర అంచుకు కట్టిన చీటీ చూపించి ఏదో అడిగింది. ఆయన ఆ చీటీని చెయ్యి చాచి దూరంగా పట్టుకున్నాడు, తల వెనక్కి వంచాడు, కళ్ళు చికిలించాడు, చివరికి పక్కవాడికి అందించి "జర సదువు" అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. చత్వారం! నలభై దాటాక దగ్గరి అక్షరం మసకేయడం. నా వృత్తిలో ఇంతకంటే తేలికైన రోగం లేదు, ఇంతకంటే ఎక్కువమంది దాచుకునే రోగమూ లేదు.

"ఎన్ని రోజులాయె మీకిట్ల?"

"ఏం లేదు మేడం, ఈడ లైటు తక్కువున్నది," అన్నాడు, నెత్తిమీద ఆరు ట్యూబులైట్లు పెట్టుకుని.

"లైటు సంగతి నాకెర్కనే. పరీక్ష మీకు. పిల్లను తోడు పట్టుకరాండ్రి. డ్రాప్స్ ఏస్తే ఒక్కరు బండి నడపొద్దు, బస్సుల తోలుకపోవాలె అని చెప్పుండ్రి." డ్రాప్స్ మాట పచ్చి అబద్ధం. చత్వారానికి నేను డ్రాప్స్ వెయ్యను. వాళ్ళు వచ్చేలోపు డాక్టరుగారికి చెప్పి ఒప్పించాను కనుక పాపం సగమే నాది.

వచ్చారు. ఆయనకు వారంలో ఒకపూట సెలవు. ఆ పూట బడి వదిలాక, పిల్ల యూనిఫాంలోనే వచ్చింది. నన్ను చూసి గుమ్మం దగ్గరే ఆగిపోయింది. నేను ఎదురెళ్ళి, "ఆరోజు నేను నిన్ను అట్ల అనొద్దుండె బిడ్డా. తప్పైంది," అన్నాను. పిల్ల నమ్మలేదు. నమ్మాల్సిన పనీ లేదు. "ఇయ్యాల పేషెంటు మీ డాడీ. నువ్వు నాకు అసిస్టెంటువి. లెన్సులు అందియ్యాలె," అని చెక్కపెట్టె దాని చేతికిచ్చాను.

తండ్రిని కుర్చీలో కూర్చోబెట్టి, దగ్గరి అక్షరాల అట్ట చేతికిచ్చాను. పిల్ల ముందు ఓడిపోవడం ఏ తండ్రికిష్టం? ఊహించి చదవడం మొదలుపెట్టాడు. "మామిడి" అని ఉన్నచోట "మామయ్య" అన్నాడు. "పడవ" అని ఉన్నచోట కాసేపు ఆలోచించి "గడప" అన్నాడు. పిల్ల పెదవి బిగబట్టుకుంది. "పావురం" దగ్గర ఆయన "పాపారావు" అనేసరికి ఇక ఆగలేక కిసుక్కున నవ్వింది. అదే ఆ పిల్ల గొంతు నేను మొదటిసారి సరిగా వినడం. తండ్రి కూడా అంతే ఆశ్చర్యంగా దానివైపు చూశాడు. ఇంట్లో ఆ నవ్వు విని ఎంతకాలమైందో ఆ చూపులోనే ఉంది.

"డాడీ, నీకు కనిపిస్తలేదా?"

"కనిపిస్తలేదు బిడ్డా," అన్నాడు, ఓడిపోయినట్టుగా. "రెండేండ్లాయె."

"మరెందుకు చెప్పలే?"

"అందరు ముసలోడైండు అనుకుంటరని."

నేను నోరు మెదపలేదు. ఈసారి పెద్దాయన నేర్పిన పాఠం గుర్తుంది. పిల్ల లెన్సు అందుకుని తండ్రి ఫ్రేములో పెట్టింది. నన్ను చూసి నేర్చుకున్న ప్రశ్నే అడిగింది. "ఇది బాగుందా డాడీ, అది బాగుందా?"

"రెండు ఒక్కతీరే ఉన్నయ్ బిడ్డా."

పిల్ల నావైపు చూసింది, ఇది తప్పు జవాబా అన్నట్టు. "అది గూడ జవాబే. వేరేది పెట్టు," అన్నాను. నాలుగు లెన్సులు మారాక ఆయన "ఆ! ఇది!" అని అరిచాడు. అట్ట మీద చిట్టచివరి వరుస చదివాడు. "పావురం" అని రెండుసార్లు చదివి, "పాపారావు యాడికి పోయిండు?" అన్నాడు. ముగ్గురం నవ్వాం.

అప్పుడు పిల్లతో అన్నాను. "ఇప్పుడు నువ్వు కూసో. ఈసారి లెన్సులు లేవు, చార్టు లేదు. మీ డాడీ అడుగుతడు. ఇష్టముంటే చెప్పు, లేకుంటే లేదు." పిల్ల చాలాసేపు కుర్చీవైపు చూసి, కూర్చుంది. నన్ను బయటికి పొమ్మంటుందేమోనని తలుపు దాకా వెళ్ళాను. "ఉండుండ్రి మేడం," అంది.

తండ్రి గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. "ఏం తక్కువ జేసినమే నీకు? నీ ఈడున నేను మగ్గం గుంటల కాళ్ళు పెట్టుకొని..."

పిల్ల తల వాలిపోయింది. మళ్ళీ చున్నీ కొస వేలికి చుట్టుకోవడం మొదలైంది. నేను ఆయన మోచేతి మీద ఒక్కటేశాను, నిజంగానే.

"ఆగుండ్రి. మీరు పావురాన్ని పాపారావంటే, 'గింత పెద్ద అక్షరం కనిపిస్తలేదా, సిగ్గులేదా, నీ ఈడున నేను సూది సందుల దారం ఎక్కించిన' అని నేనన్ననా? మీ బిడ్డన్నదా?"

ఆయన అడ్డంగా తలూపాడు.

"ఏమడిగింది మీ బిడ్డ?"

"ఇది బాగుందా, అది బాగుందా అన్నది."

"గదే అడుగుండ్రి. అడిగి ఊకోండ్రి. ఏం చెప్పినా తప్పనొద్దు."

పాపం, ఆయన చెమటలు కక్కాడు. చీరలు చూపిస్తూ రోజుకు వంద ప్రశ్నలడిగే మనిషి, సొంత బిడ్డను ఒక్క ప్రశ్న అడగడానికి ఐదు నిమిషాలు తీసుకున్నాడు. చివరికి, "పొద్దుగాల మంచిగుంటదా బిడ్డా, సాయంత్రమా?" అన్నాడు.

పిల్ల తల ఎత్తకుండానే చెప్పింది. "సాయంత్రం జర నయం."

"బడిల మంచిగుంటదా, ఇంట్లనా?"

"రెండు ఒకటే డాడీ. రెండు మంచిగ లేవు."

ఆయన ముఖం నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. ఇంట్లో కూడా బాగాలేదన్న మాట ఆయనకు గుండెల్లో దిగింది. కాదనడానికి పెదవులు కదిలాయి. కాదనలేదు. కుర్చీ చేతిని గట్టిగా పట్టుకుని ఊరుకున్నాడు. నా సర్వీసులో అంత కష్టపడి ఊరుకున్న మనిషిని నేను చూడలేదు.

ఆ ఊరుకోవడంలోంచే మాటలొచ్చాయి. బడిలో మార్కులను బట్టి సెక్షన్లు మార్చారట. దీన్ని కింది సెక్షన్లో వేశారు. దోస్తులంతా పైసెక్షన్లో ఉండిపోయారు, మాటలు తగ్గాయి. కొత్త క్లాసులో టీచరు లేపి బోర్డు మీదిది చదవమంటే గుండె దడదడలాడటం, చేతులు చల్లబడటం. "అక్షరాలన్ని కల్సిపోతయ్ డాడీ. నల్లగైతది. నిజంగనే కనిపియ్యదు. కండ్లే ఖరాబైనయనుకున్న. అద్దాలు పెట్టుకుంటే పోతదనుకున్న." నిద్ర పట్టడం లేదు. స్నానాల గదిలో నల్లా తిప్పి ఏడుస్తోంది, చప్పుడు వినబడకుండా. ఆరు నెలల నుంచి.

"నువ్వు అబద్ధం చెప్పలే," అన్నాడు తండ్రి. "నేను నమ్ముతున్న."

ఆ మాటకు పిల్ల ఏడ్చింది. చెంపదెబ్బకు ఏడవని పిల్ల, నమ్ముతున్నానంటే వెక్కివెక్కి ఏడ్చింది. నాకూ కళ్ళు నిండాయి, దాచుకోవడమెందుకు. చీకటి గదికి ఆ సౌకర్యం ఉంది.

ఇంకొక ప్రశ్న మిగిలింది. అది అడగాలని డాక్టరుగారు ముందే చెప్పారు, తండ్రికీ బయట చెప్పి ఉంచారు. చాలామంది భయపడతారు, అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందేమోనని. అలా పుట్టదట. ఉన్నది బయటికొచ్చే దారి దొరుకుతుందట. తండ్రి పిల్ల చెయ్యి పట్టుకుని, నేరుగా అడిగాడు. "బతుకుడే వద్దని ఎప్పుడన్న అనిపించిందా తల్లీ?"

పిల్ల చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

"రెండుసార్లు," అంది పిల్ల. "ఇప్పుడు లేదు. మీకు చెప్పినంక లేదు."

ఆయన "అట్లనొద్దు" అనలేదు. "మాకు ఎంత బాధైతదో ఎర్కనా" అనలేదు. "చెప్పినవు, మస్తు మంచిగ జేసినవ్ బిడ్డా. ఇగ నువ్వొక్కదానివే మొయ్యొద్దు," అన్నాడు. అని, తర్వాత తనది చెప్పాడు. ఊళ్ళో మగ్గం ఆగిపోయిన ఏడాది, ఎవరితోనూ మాట్లాడకుండా గోడకు తిరిగి పడుకున్న రోజులు. ఈ పిల్ల అప్పుడు పాలుతాగే పసిది. ఆ సంగతి ఆయన భార్యకు తప్ప ఎవరికీ తెలియదు. "నన్ను అప్పుడు అడిగేటోళ్ళు లేకుండిరి," అన్నాడు. ఇదీ ఉపన్యాసం కిందికే వస్తుందేమో అని ఒక్క క్షణం అనుకున్నాను. కాదు. పిల్ల తల ఎత్తి వింటోంది.

డాక్టరుగారు వచ్చి నెమ్మదిగా మాట్లాడారు. ఎల్బీనగర్‌లో తనకు తెలిసిన మనసు డాక్టరుకు అప్పటికప్పుడే ఫోన్ చేశారు. అదే సాయంత్రం తండ్రీకూతుళ్ళు నేరుగా అక్కడికే వెళ్ళారు. వాళ్ళు ఆటో ఎక్కాక రిసెప్షన్ ఆవిడ నా ముందు కాఫీ పెట్టి, "ఇప్పుడు నిజంగా గెలిచారండీ," అంది. ఆ కాఫీలో చక్కెర ఎక్కువైంది. అయినా తాగాను.

అక్కడితో అంతా సవ్యమైపోయిందని చెబితే మీరు నమ్మకండి. తల్లి అడ్డం తిరిగింది. పిచ్చి డాక్టరు దగ్గరికి పోయిందని కాలనీలో తెలిస్తే ఎట్లా అని రెండు వారాలు ఇంట్లో గొడవ. ఒకరోజు ఆమే నా దగ్గరికి వచ్చింది, పోట్లాడటానికని సిద్ధపడ్డాను. ఆమె కుర్చీలో కూర్చుని, "నేను గొట్టిన దెబ్బ దానికి యాదికున్నదా మేడం?" అంది. నాకెట్లా తెలుస్తుంది, పిల్లనే అడగమన్నాను. ఎట్లా అడగాలో కూడా చెప్పాను. ఆమె అడిగిందట. "నీకు నామీద కోపమొచ్చిందా, భయమైందా?" అని. "రెండు," అందట పిల్ల. ఆమె వాదించలేదట. దగ్గరికి తీసుకుందట. మర్నాడు మనసు డాక్టరు దగ్గరికి తనే తీసుకెళ్ళింది.

మందులు కొన్నాళ్ళు వాడారు. వారానికోసారి మాట్లాడించే మేడం దగ్గరికి వెళ్ళింది. మధ్యలో రెండు వారాలు మళ్ళీ దిగజారింది, మళ్ళీ లేచింది. క్యారెట్ రసం మానేశారు. ఫోన్ తిరిగొచ్చింది. ఇంట్లో రాత్రి అన్నాల దగ్గర ఒక అలవాటు మొదలైందని తండ్రి చెప్పాడు. ముగ్గురూ ఒకరినొకరు ఆ ప్రశ్న అడుగుతారు. జవాబు చెప్పినవాళ్ళకు ఎవరూ సలహా ఇవ్వకూడదు, కావాలని అడిగితే తప్ప. మొట్టమొదట నియమం తప్పింది ఆయనేనట. అందుకు గిన్నెలు కడిగాడు.

ఇక అసలు విజయం చెబుతాను, గొప్పలు అనుకున్నా సరే. ఆ ఏడాది చివర బడిలో పేరెంట్స్ మీటింగ్ జరిగింది. వెళ్ళేముందు తండ్రి పిల్లను అడిగాడు. "అందరి ముందట చెప్పాల్నా, వద్దా? నీ ముచ్చట, నువ్వు ఎట్లంటే అట్ల." పిల్ల రెండు రోజులు ఆలోచించి, చెప్పమంది. అందరూ ట్యూషన్ల గురించీ బస్సు టైముల గురించీ మాట్లాడాక ఈయన లేచాడు. ఇజ్జత్ పోతుందని దుకాణంలో నాతో ఆ ముచ్చటే వద్దన్న మనిషి, నూరుమంది ఎదుట నిలబడి, "మా బిడ్డ మనసు మంచిగలేకుండె. డాక్టరు దగ్గరికి పోతున్నది, మంచిగైతున్నది. సెక్షన్లు మార్చుడు వల్ల పిల్లలు మస్తు పరేషాన్ అయితున్నరు. మీ పిల్లల్ని గూడ జర అడుగుండ్రి. అడిగి ఊకోండ్రి," అని కూర్చున్నాడట. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. గుసగుసలాడినవాళ్ళూ ఉన్నారు. కానీ మీటింగ్ అయ్యాక గేటు దగ్గర ఒకాయన ఆగి, "ఏవండీ, ఆ డాక్టరుగారు ఎక్కడుంటారండీ? మా వాడు కూడా ఈమధ్య గది తలుపు తియ్యట్లేదు," అన్నాడట. ఆయన వెనక ఇంకో ముగ్గురు నిలబడి ఉన్నారట. వాళ్ళకు ఈయన మా ఆసుపత్రి అడ్రసు కూడా ఇచ్చాడట.

తర్వాతి శనివారం నుంచి మా ఆసుపత్రికి ఒక కొత్తరకం పేషెంట్లు రావడం మొదలైంది. కళ్ళు బాగానే ఉన్న తల్లిదండ్రులు. "ఆ ప్రశ్న ఎట్ల అడుగుతరో మాకు గూడ నేర్పుండ్రి," అని. నేను డాక్టర్ను కాను, మనసు డాక్టర్ను అసలే కాను. నేను నేర్పగలిగింది అడిగి ఊరుకోవడమే. అది చాలనిచోట ఎవరి దగ్గరికి వెళ్ళాలో డాక్టరుగారు చీటీ రాసిచ్చేవారు. జనం ఎక్కువవుతున్నారని ఆయన కాస్త విసుక్కున్నారు. విసుక్కుని, హాల్లో ఇంకో బెంచీ వేయించారు. మా ఇంట్లో మాత్రం మా అబ్బాయి, "ఊళ్ళో అందర్నీ అడుగుతావు, నాకు మాత్రం చెప్పడమే తప్ప అడగడం లేదు మమ్మీ," అన్నాడు. నిజమే. ఆ పాఠం ఇంకా నేర్చుకుంటున్నాను.

పదో తరగతి సగంలో ఉండగా పిల్ల మళ్ళీ వచ్చింది. వాళ్ళ నాన్న కళ్ళజోడు మీద కూర్చున్నాడట, వంకర తీయించడానికి. పొడుగైంది. చున్నీ కొస దాని పాటికి అది వేలాడుతోంది. పాత కేసు కాగితం తీయించాను. నేను రాసిన "నటిస్తోంది", దాని కింది గీత, అలాగే ఉన్నాయి. పిల్ల ఎదుటే పెన్ను తీసి అడ్డంగా కొట్టేశాను.

"ఇప్పుడు ఫస్ట్ బెంచీలనే కూసుంటున్నవా?" అని అడిగి, ఊరుకున్నాను.

"లేదు మేడం, ఆఖరు బెంచీ. మా కొత్త దోస్తులందరు ఆడ్నే ఉంటరు."

"మరి బోర్డు?"

పిల్ల నవ్వింది. "ఆడికెల్లి గూడ మస్తు కనిపిస్తది."

కొట్టేసిన గీత కింద ఆ మాట అలాగే రాసుకున్నాను. డాక్టరుగారు చదివి సంతకం పెట్టారు.